చలి వండిపెట్టే మిఠాయి!

ఊటీ అనగానే మన తెలుగు ప్రేక్షకుడికి ముందు గుర్తొచ్చేది డ్యూయెట్టు. వెనకాల పచ్చటి కొండవాలు, ఆ వెనకాల మబ్బు, మధ్యలో చేతులు చాచుకుని పరుగెత్తుకొచ్చే హీరో హీరోయిన్లు. కథ రాజమండ్రిలో జరుగుతున్నా, గుంటూరులో జరుగుతున్నా సరే, పాట వచ్చేసరికి ఇద్దరూ ఊటీలో తేలేవారు. టిక్కెట్టు ఎవరు కొన్నారు, బస్సు ఎక్కడ ఎక్కారు అని అడిగిన ప్రేక్షకుడు ఒక్కడూ లేడు!

ఆ తర్వాత గుర్తొచ్చేది చాక్లెట్టు. ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళ సూట్‌కేసు తెరిస్తే మూడు వస్తువులు గ్యారంటీ. నీలగిరి తైలం సీసా, టీపొడి ప్యాకెట్టు, వెండికాగితంలో చుట్టిన హోమ్‌మేడ్ చాక్లెట్లు. మొదటి రెండింటికీ ఢోకా లేదు. చిక్కల్లా మూడోదానితోనే. కోయంబత్తూరులో రైలెక్కేటప్పుడు నిక్షేపంగా ఉంటుంది. కాట్పాడి దాటాక మెత్తబడుతుంది. రేణిగుంటలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. విజయవాడలో దిగేసరికి అంతా ఒకటే ముద్ద! ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరిచి పంచిపెడితే, "ఇదేనా ఊటీ చాక్లెట్టు? మన వీధి చివర దొరికేదే నయం" అని పెదవి విరుస్తారు.

తప్పు చాక్లెట్టుది కాదు, తెచ్చినవాళ్ళదీ కాదు. అసలు సంగతేమిటంటే, ఆ మిఠాయికి సగం వంట చేసేది నిప్పు కాదు, చలి. క్రిస్మసు, కొత్త సంవత్సరం, వెనకే సంక్రాంతి. పండుగలన్నీ వరసకట్టి వచ్చే ఈ చలికాలమే ఆ వంటకు అసలైన సీజను.

కొండ ఎక్కుదాం రండి

మేట్టుపాళయంలో పొద్దున్నే బయల్దేరే చిన్న రైలు సంగతి తెలియనివాళ్ళుండరు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన దారి ఇది. మొత్తం 46 కిలోమీటర్లు. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. కల్లారు దాటాక పట్టాల మధ్య పళ్ళ పట్టీ వస్తుంది. ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం ఆ పట్టీని పట్టుకుని, నిచ్చెన ఎక్కినట్టు ఒక్కొక్క పన్నే ఎక్కుతుంది. 2005లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

సినిమావాళ్ళకు ఈ దారంటే మహా ప్రీతి. 1998లో 'దిల్ సే' కోసం రైలు పెట్టె మీదెక్కి చిందులేయించింది ఇక్కడే. మనకది 'ప్రేమతో' అయి వచ్చింది. 1982లో బాలు మహేంద్ర తీసిన 'మూండ్రాం పిరై', మన 'వసంత కోకిల', ఈ కొండల్లోనే పుట్టింది. ఇక 1989లో మణిరత్నం తెలుగులో తీసిన 'గీతాంజలి'లోనైతే, ఊటీ పొగమంచు కూడా ఒక పాత్రధారే అనిపిస్తుంది.

రైలు కూనూరు చేరేసరికి స్వెటరు అడుగుతాం. 2,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో దిగేసరికి మఫ్లరు కూడా అడుగుతాం. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో గడ్డిమీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంటుంది. పగలు ఎండ కాస్తున్నా నీడలోకి వెళితే వణుకే.

ఈ చలే ఊరికి అన్నం పెట్టింది. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ ఇక్కడ ఇల్లు కట్టుకున్నది చలి కోసమే. తర్వాత్తర్వాత మద్రాసు గవర్నరు ఎండాకాలం రాగానే కచేరీతో సహా కొండెక్కేవాడు. అప్పట్లో మన కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కదా! అంటే మన జిల్లాల ఫైళ్ళు కూడా వేసవి సెలవులకు ఊటీ వెళ్ళేవన్నమాట. మనం ఉక్కపోతలో విసనకర్రలు ఊపుకుంటూ కూర్చునేవాళ్ళం.

దొరలతోబాటు వాళ్ళ వంటిళ్ళు కూడా వచ్చాయి. క్రిస్మసుకు కేకులు, ఫడ్జ్‌లు, చాక్లెట్లు. ఆ పనితనం అక్కడినుంచే ఊళ్ళోవాళ్ళ చేతికి వచ్చిందని పాతకాలపువాళ్ళు చెబుతారు. దొరలు పోయారు, చాక్లెట్టు నిలిచింది. ఇవాళ చేరింగ్ క్రాస్ దగ్గర నిలబడి ఏ పక్కకు తిరిగినా 'హోమ్‌మేడ్ చాక్లెట్' అన్న బోర్డే.

ఫిల్ము, చాక్లెట్టు అన్నదమ్ములు!

సినిమా పత్రిక పాఠకులు కాబట్టి ఒక్క సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. ఊటీ నుంచి గూడలూరు వెళ్ళే రోడ్డు మీద ఇందు నగర్ అని ఉంది. 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఫ్యాక్టరీ ఇక్కడే ఉండేది. 'ఇందు' పేరుతో మన దేశంలోనే ముడిఫిల్ము తయారుచేసిన ప్రభుత్వ సంస్థ అది. ఆ రోడ్డునే ఇంకా ముందుకు వెళితే, మన యూనిట్లు కెమెరా పెట్టిన పచ్చిక మైదానాలు. ఫిల్ము పుట్టేదీ ఆ రోడ్డు మీదే, ఫిల్ము తిరిగేదీ ఆ రోడ్డు మీదే!

ఊటీలోనే ఎందుకు పెట్టారంటారా? చల్లదనం, దుమ్ములేని గాలి. ఫిల్ము మీద పూసే మందు జెలటిన్‌తో చేసింది. వేడిగా ఉన్నప్పుడు కరిగి ఉంటుంది. పల్చగా పూసి చల్లబరిస్తే పొరలా పట్టుకుంటుంది. చాక్లెట్టు పని కూడా అచ్చం ఇదే. కరిగించు, పరచు, చలికి అప్పగించు. డిజిటల్ కాలం వచ్చి ఫిల్ముకు గిరాకీ పోయింది, ఫ్యాక్టరీ మూతబడింది. తమ్ముడు చాక్లెట్టు మాత్రం ఊరిని వదల్లేదు.

ఆ వెనక గదిలో...

కమర్షియల్ రోడ్డు వెనక సందులో ఒక ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గది తయారీ. అక్కడ ఉన్నదల్లా ఒక గ్యాస్ పొయ్యి, నల్లరాతి బల్ల, ట్రేలు, ముగ్గురు ఆడవాళ్ళు. ఓవెన్ కనబడదు. ఫ్రిజ్ ఉంది గాని అందులో పాలు, పెరుగు మాత్రమే! యజమానురాలికి యాభై పైబడి ఉంటాయి. మాట తెలుగే, పలుకు మాత్రం అరవం.

"మా ఆయన షూటింగులకు జీపు తోలేవాడు సార్. మీ తెలుగువాళ్ళు వస్తే నెలరోజులుండేవాళ్ళు. అప్పుడు నేర్చుకున్నా. 'రెడీయా అమ్మా', 'ఇంకోటి తేమ్మా' - ముందు వచ్చింది ఈ రెండే!" అని నవ్వింది.

పని చూడనిచ్చింది. పెద్ద చాక్లెట్టు పలకను కత్తితో సన్నగా తరిగారు. గిన్నెలో నీళ్ళు కాచి, మంట ఆర్పి, ఆ గిన్నె మీద మరో పొడి గిన్నె పెట్టి అందులో వేశారు. నేరుగా మంట మీద పెడితే మాడుతుంది. ఒక్క నీటిచుక్క పడిందా, గోవిందా! నున్నగా కరిగినదల్లా బంకమట్టిలా బిగుసుకుపోతుంది. అందుకే అక్కడ చేతులు కడిగినవాళ్ళు పూర్తిగా తుడుచుకునిగాని గిన్నె దగ్గరికి రారు.

కరిగాక సగానికి పైగా రాతిబల్ల మీద పోసి, వెడల్పాటి రేకుతో పరిచారు, మడిచారు, మళ్ళీ పరిచారు. కొంచెం చిక్కబడగానే తిరిగి గిన్నెలోకి తోసి కలిపారు. ఆవిడ వేలికొసతో కాస్త తీసి కింది పెదవికి అంటించుకుంది. "చల్లగా తగిలింది. చాలు" అంది. మన ఇళ్ళలో అరిసెల పాకాన్ని నీళ్ళలో వేసి ఉండకట్టి చూడరూ? ఇదీ అలాంటి లెక్కే. థర్మామీటరు పెట్టి చూస్తే 31 డిగ్రీలు ఉంటుంది. మన ఒంటివేడి 37. అందుకే పెదవికి చల్లగా తగులుతుంది.

తర్వాత వేయించిన బాదం, జీడిపప్పు, కిస్‌మిస్ కలిపి ట్రేలో పోశారు. కిటికీ రెక్క తెరిచారు. అంతే! కాసేపట్లో పలక తనంతట తనే గట్టిపడి, అంచులు ట్రేను వదిలేసింది. విరిస్తే 'టప్' మని శబ్దం.

ఈ తతంగమంతా ఎందుకంటే, కోకో గింజలో ఉండే వెన్న గొప్ప పెంకిది. అది గడ్డకట్టడానికి ఆరు రకాల పద్ధతులున్నాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. అందులో అయిదో రకమైతేనే మెరుపు, విరుపు, నోట్లో కరిగే గుణం మూడూ వస్తాయి. తక్కినవన్నీ ఎన్‌జీ టేకులు! కరిగించి, చల్లార్చి, మళ్ళీ కాస్త వేడిచేసేదంతా ఆ అయిదో టేకు ఓకే చేయించుకోవడానికే. దారిలో కరిగిన చాక్లెట్టు మళ్ళీ గట్టిపడినా రుచి రాకపోవడానికి కారణం ఇదే. తిరిగి గట్టిపడేటప్పుడు పక్కన డైరెక్టరు లేడు మరి!

హీరో ఎవరు? డూపు ఎవరు?

ఇంకో మూల ఇంకో ట్రే. దానికి ఈ పరచడాలూ మడవడాలూ లేవు. కరిగించారు, పోశారు, అయిపోయింది. అదేమిటంటే, "అది కాంపౌండ్ సార్" అంది ఆవిడ దాపరికం లేకుండా.

కాంపౌండ్ అంటే కోకో పొడి ఉంటుంది గాని కోకో వెన్న ఉండదు. దాని స్థానంలో గట్టిపరిచిన వంటనూనె కొవ్వు వేస్తారు. చవక. పెంకితనం లేదు. కొంచెం వేడికి తట్టుకుంటుంది కూడా. అసలు చాక్లెట్టు నాలుక మీద పెట్టగానే కరిగి మాయమవుతుంది. ఎందుకంటే కోకో వెన్న కరిగేది 34 డిగ్రీల దగ్గర, మన నోటి వేడికి కాస్త కింద. కాంపౌండ్ మాత్రం తిన్న తర్వాత అంగిటికి మైనంలా పట్టుకుంటుంది. సినిమా భాషలో చెప్పాలంటే ఇది డూపు. లాంగ్ షాట్‌లో హీరోయే అనుకుంటాం, క్లోజప్పులో బయటపడుతుంది.

ఆ మాటే అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "డూపు కూడా కష్టపడతాడు కదా సార్? నూరు రూపాయలు పట్టుకుని పిల్లలతో వచ్చినవాళ్ళకు నేనేం పెట్టను? కాని డూపును చూపించి హీరో రేటు తీసుకుంటే మాత్రం పాపం. నా దగ్గర రెండు ట్రేలు, రెండు రేట్లు" అంది.

అసలు ధర్మమంతా ఆ మాటలోనే ఉంది. 'హోమ్‌మేడ్' అంటే ఇంట్లో చేసిందని అర్థం గాని, ఇంట్లో ఏం వేసి చేశారో ఆ బోర్డు చెప్పదు. చాలాచోట్ల ఫ్యాక్టరీ పలకను తెచ్చి కరిగించి పప్పులు కలపడమే జరుగుతుంది. అందులో తప్పు లేదు. కాని కొనేటప్పుడు ఇది కోకో వెన్నతో చేసిందా, కాంపౌండా అని ఒక్కమాట అడగండి. నిజం చెప్పే దుకాణం మొహంలోనే తెలుస్తుంది. ప్యాకెట్టయితే వెనక అక్షరాలు చదవండి. కోకో బటర్ అని ఉందా, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉందా? అంతే పరీక్ష.

ఈమధ్య హీరో రేటు బాగా పెరిగిందని కూడా ఆవిడ వాపోయింది. నిజమే. ఆఫ్రికాలో ఘనా, ఐవరీ కోస్టు దేశాల్లో పంట దెబ్బతిని, 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది. "ఆ గింజ ఎక్కడో సముద్రం అవతల పండుతుందట సార్. ఇక్కడ మా ట్రే చిన్నదైపోతోంది" అంది.

సముద్రం అవతల పండే మాట నిజం. కాని అక్కడ మాత్రమే కాదు!

హీరో పుట్టిల్లు గోదావరి

మన ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ జిల్లాల్లో కొబ్బరితోటలకు వెళ్ళి చూడండి. కొబ్బరిచెట్ల నీడలో, ఆయిల్‌పామ్ చెట్ల మధ్య, నడుమెత్తు దాటి గుబురుగా పెరిగిన చెట్లు కనిపిస్తాయి. కాయలు కొమ్మల చివర వేలాడవు. పనసలాగా మానుకే అంటుకుని కాస్తాయి. పచ్చనివి, పసుపువి, కొన్ని ఎర్రనివి. అవే కోకో. దేశంలో పండే కోకోలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. ఈ సంగతి చాక్లెట్టు తినే మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

కాయ పగలగొడితే తెల్లటి గుజ్జులో 30, 40 గింజలు. గుజ్జు తియ్యగా పుల్లగా సీతాఫలాన్ని గుర్తుచేస్తుంది. గింజ మాత్రం పచ్చిగా కొరికితే చేదు! గుజ్జుతో సహా గింజల్ని పెట్టెల్లో పోసి, అరిటాకులో గోనెలో కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ అయిదారు రోజులు పులియబెడతారు. దోసెల పిండి పులిసినట్టే లోపల వేడి పుడుతుంది. తర్వాత వారం రోజులు ఎండలో. చాక్లెట్టు వాసన పుట్టేది ఇక్కడే. పులియడం సరిగా కుదరని గింజకు ఊటీ చలి కాదు కదా, హిమాలయం కూడా రుచి తేలేదు.

అంటే చూడండి తమాషా. హీరో పుట్టింది గోదావరిలో, డ్యూయెట్టు పాడింది ఊటీలో. అచ్చం మన సినిమా కథే!

కథలో కష్టం కూడా ఉంది. 2024లో ఎండుగింజ కిలో వెయ్యి రూపాయల దరిదాపులకు పోయింది. రైతు మొహం వెలిగింది. 2025లో ధర సగానికి పైగా పడింది. కొనేవాళ్ళు మొహం చాటేస్తున్నారంటూ రైతులు రోడ్డెక్కారు. ప్రపంచ మార్కెట్టు తలరాతను మనం మార్చలేం. కాని కోకో వెన్న ఉన్న చాక్లెట్టుకు గింజ ఎక్కువ పడుతుంది. డూపు చాక్లెట్టుకు తక్కువ చాలు. పండుగ రోజున మనం ఏ ట్రేవైపు చెయ్యి చాపుతామన్నది ఆ రైతుకు కాస్తయినా తగులుతుంది. ఇప్పుడు గోదావరి గింజతోనే, ఆ పేరు చెప్పుకునే, చాక్లెట్లు చేసేవాళ్ళు హైదరాబాదులోనూ ఉన్నారు. అది సంతోషించవలసిన మాట.

మన ఇంట్లో ఊటీ

కొండెక్కలేనివాళ్ళు ఏం చేయాలి? కొండ చలిని అప్పు తెచ్చుకోవాలి! ధనుర్మాసంలో మన ఊళ్ళలోనూ తెల్లవారుజామున చలి ఉంటుంది. ముగ్గు వేయడానికి లేచే వేళకే ఈ పని పెట్టుకోండి.

కోకో వెన్న ఉన్న డార్క్ చాక్లెట్టు 250 గ్రాములు, జీడిపప్పు 75 గ్రాములు, పొట్టుతీసిన వేరుశనగ పప్పు 50 గ్రాములు, కిస్‌మిస్ 50 గ్రాములు, చిటికెడు ఉప్పు. జీడిపప్పు పలాసదైనా, కోనసీమ మోరిదైనా మీ ఇష్టం. పప్పులు నూనె లేకుండా దోరగా వేయించి పూర్తిగా చల్లారనివ్వండి.

చాక్లెట్టును సన్నగా తరిగి మూడు వాటాలు వేయండి. రెండు వాటాలు పొడి స్టీలు గిన్నెలో వేసి, కాచి దింపిన వేడినీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగించండి. పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు. కరగగానే కిందికి దింపి, అడుగున తడి తుడిచి, మూడో వాటా కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. ఇది పాలలో తోడు వేయడం లాంటిది. కరగని ముక్కల్లో ఆ 'అయిదో టేకు' భద్రంగా ఉంటుంది. తక్కినదంతా దాన్ని చూసి నేర్చుకుంటుంది. రాతిబల్ల అక్కర్లేదు. అన్నీ కలిసిపోయి, పెదవికి అంటిస్తే చల్లగా తగిలిందా, పప్పులు, కిస్‌మిస్, ఉప్పు వేసి కలిపి, వెన్నకాగితం పరిచిన పళ్ళెంలో అరవేలు మందాన పరచండి.

ఫ్యాను కింద పెట్టి ముగ్గు వేసి రండి. వచ్చేసరికి విరవడానికి సిద్ధం. మరీ ఉక్కగా ఉండే ఊళ్ళలోనైతే మూతపెట్టి పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. అంతకంటే వద్దు. చెమ్మ తగిలితే పైన చక్కెర తెల్లగా పేరుకుంటుంది.

ఊటీ నుంచే తెచ్చుకునేవాళ్ళకు కూడా ఒక మాట. చాక్లెట్టు ఆఖరి రోజున, ఆఖరి గంటలో కొనండి. వార్తాపత్రికలో చుట్టి, సూట్‌కేసు నడిమధ్య, విప్పిన స్వెటర్ల మడతల్లో పెట్టండి. చలిని లోపలికి రానివ్వని స్వెటరు వేడినీ రానివ్వదు. అయినా కరిగి, గట్టిపడి, పైన తెల్లటి మచ్చలు వచ్చాయా? బూజనుకుని పారెయ్యకండి. పైకి తేలిన వెన్న అది. మంచి చాక్లెట్టు ముక్కలు కొన్ని తోడు వేసి, పైన చెప్పినట్టు మళ్ళీ చేస్తే రీటేకు ఓకే!

ఈ సంక్రాంతికి అరిసెలు, జంతికలు, సున్నుండలు ఉన్న పళ్ళెంలో ఓ పక్కన నాలుగు ముక్కలు ఇవీ పెట్టండి. పిల్లలు ముందు వాటిమీదే పడతారు. పడనివ్వండి. నోట్లో కరుగుతుండగా, ఇది మన గోదావరి కొబ్బరి నీడలోనూ పండుతుందని మాత్రం వాళ్ళ చెవిన వెయ్యండి.